కొత్త స్టీరింగ్ వేశా, హారన్ మూగబోయింది

మా ఊరి చెరువు కట్ట మీద ఒక మలుపు ఉంది. ఒక పక్క తుమ్మచెట్లు, ఇంకో పక్క నీళ్లు. అవతల నుంచి ఏం వస్తోందో కనపడదు. అందుకే అక్కడ ఆర్టీసీ బస్సు దగ్గర నుంచి మోపెడ్ దాకా అందరూ హారన్ కొట్టుకుంటూనే తిరుగుతారు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు మా మారుతీ 800లో నాన్న డ్రైవింగ్, నేను పక్క సీట్లో. మలుపు దగ్గరికి రాగానే నాన్న అలవాటుగా స్టీరింగ్ మధ్యలో బొటనవేలుతో నొక్కారు. బటన్ టక్కున లోపలికి వెళ్లింది. శబ్దం రాలేదు. మళ్లీ నొక్కారు. రాలేదు.

ఈలోపు అటు నుంచి సైకిల్ మీద గడ్డిమోపు పెట్టుకుని ఒక పెద్దాయన వచ్చేశాడు. నాన్న బ్రేక్ తొక్కారు. సైకిల్ ముందు చక్రం మా బంపర్‌కి జానెడు దూరంలో ఆగింది. పెద్దాయన కాలు కింద పెట్టి, "బూర కొట్టాలి గదయ్యా" అన్నాడు. అంతే, తిట్టలేదు కూడా. మోపు సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక నాన్న తాళాలు టీవీ స్టాండ్ మీద పెట్టి ఒకే మాట అన్నారు. "ఆ బూర మోగేదాకా ఈ బండి గేటు దాటదు."

నాకేసి చూడలేదు. చూడక్కర్లేదు. ఆ స్టీరింగ్ వేసింది నేనే.

ఈ వారం కాలమ్ ఆ తప్పు గురించే. మార్కెట్ స్టీరింగ్ వేశాక హారన్ ఎందుకు మొండికేస్తుంది, ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి. పాత బండి మీద ప్రేమతో ఇన్‌స్టా రీల్స్ చూసి పార్ట్‌లు ఆర్డర్ పెట్టేవాళ్లు (నాలాంటి వాళ్లు) ఒకసారి చదవండి. డబ్బుల మాట పక్కన పెట్టండి, ఒక సైకిల్ బతికిపోతుంది.

అసలు 800ని క్లాసిక్ అనొచ్చా?

అనొచ్చనే నా వాదన. మొదటి మారుతీ 800 తాళాలు 1983 డిసెంబర్ 14న ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ అనే ఆయన చేతికి ఇందిరాగాంధీ ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. 1986లో బాడీ మారి మనందరికీ తెలిసిన ఆకారం వచ్చింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ప్రభుత్వం లెక్కలో వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటాలి. ఆ లెక్కన మొట్టమొదటి 800కి కూడా 2033 దాకా ఆ హోదా రాదు. కానీ మన ఇళ్లలో లెక్క వేరు. నాన్న మొదటి కారు ఏదైతే అదే క్లాసిక్.

మాది 1995 మోడల్, తెలుపు. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. స్టీరింగ్ మీద ప్లాస్టిక్ ఎండకి పగిలి, చేతికి నల్లగా జిగురు అంటేది. "నాన్నా, మంచి స్టీరింగ్ వేయిస్తా" అన్నాను. ఆయన, "దానికేం? తిరుగుతోందిగా" అన్నారు. నేను వినలేదు. ఆన్‌లైన్‌లో 350 మిల్లీమీటర్ల మూడు కమ్మీల స్టీరింగ్, దానికో బాస్ కిట్, ఒక హారన్ బటన్ తెప్పించాను.

తెలియని వాళ్ల కోసం: బాస్ కిట్ అంటే స్టీరింగ్‌కీ, బండి షాఫ్ట్‌కీ మధ్య వచ్చే అడాప్టర్. ఒక వైపు మన బండి షాఫ్ట్ పళ్లకి సరిపోయే రంధ్రం ఉంటుంది, రెండో వైపు స్టీరింగ్ బిగించే ఆరు బోల్టులు. ఈ ఆరు బోల్టుల వలయం కొలత కంపెనీని బట్టి మారుతుంది. మోమో, స్పార్కో, ఓఎంపీ లాంటివి ఎక్కువగా 70 మిల్లీమీటర్లు. నార్డీ, పర్సనల్ లాంటివి 74. స్టీరింగ్ కొనేముందు ఇది చూసుకోకపోతే ఆరు బోల్టుల్లో ఒక్కటీ దిగదు. నేను ఇది చూసుకున్నాను. చూసుకోవాల్సింది ఇంకోటి ఉందని అప్పటికి తెలీదు.

ఒక్క తీగ, ఒక్క ఎర్త్

హారన్ పనిచేసే పద్ధతి చాలా సింపుల్. లోపల ఒక విద్యుదయస్కాంతం, దాని ముందు పల్చటి ఉక్కు రేకు. కరెంటు వెళ్లగానే అయస్కాంతం రేకుని లాగుతుంది. రేకు కదలగానే లోపలి కాంటాక్ట్ తెగిపోతుంది, కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కి వస్తుంది. కాంటాక్ట్ మళ్లీ కలుస్తుంది. సెకనుకి కొన్ని వందల సార్లు ఇదే జరిగితే మనకి "పీఁ" అని వినపడుతుంది.

ఇంతకీ మనం నొక్కే బటన్ చేసే పనేంటి? బ్యాటరీ ప్లస్ కరెంటుని బటన్ హారన్‌కి పంపుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. 800లో అలా కాదు. ప్లస్ ఫ్యూజు గుండా నేరుగా హారన్ దగ్గరికి వచ్చి కూర్చుని ఉంటుంది. హారన్ రెండో కాలు నుంచి ఒక తీగ స్టీరింగ్ కాలమ్ దాకా వస్తుంది. ఆ తీగని బాడీకి తాకిస్తే చాలు, హారన్ మోగుతుంది. మన మెకానిక్‌ల భాషలో చెప్పాలంటే, బటన్ ఎర్త్ ఇస్తుంది. అంతే.

చిక్కంతా ఏంటంటే, తీగ కదలకుండా కాలమ్ దగ్గర ఉంటుంది, బటన్ మాత్రం స్టీరింగ్‌తో పాటు గిరగిరా తిరుగుతుంది. నేరుగా తీగ కలిపితే రెండు మలుపుల్లో చుట్టుకుని తెగిపోతుంది. అందుకని స్టీరింగ్ వెనక ఇత్తడి రింగు ఒకటి పెడతారు. కాలమ్ వైపు నుంచి స్ప్రింగుతో నొక్కుకుని ఉండే చిన్న కాంటాక్ట్ ఆ రింగు మీద రాసుకుంటూ ఉంటుంది. స్టీరింగ్ ఎటు తిరిగినా కాంటాక్ట్ రింగుని వదలదు.

ఇప్పుడు దారి మొత్తం ఒకసారి చూడండి. బ్యాటరీ, ఫ్యూజు, హారన్, తీగ, స్ప్రింగు కాంటాక్ట్, ఇత్తడి రింగు, బటన్, బాస్, షాఫ్ట్, బాడీ, తిరిగి బ్యాటరీ మైనస్. పాత స్టీరింగ్ తీసేసి కొత్తది పెట్టినప్పుడు ఈ దారిలో మారినవి మూడు: రింగు, బటన్, బాస్. మిగతా అంతా 1995 నాటిదే. కాబట్టి నిన్నటిదాకా మోగిన హారన్ స్టీరింగ్ మార్చగానే ఆగిపోతే, తప్పు ఈ మూడింట్లోనో, వాటి అతుకుల్లోనో ఉంటుంది. బానెట్ ఎత్తి హారన్ మార్చేస్తే లాభం లేదు. నేను మార్చబోయాను, అది వేరే సంగతి.

తప్పు ఒకటి: అందని ద్రాక్ష

మొదటిరోజు బిగించగానే హారన్ అస్సలు పలకలేదు. స్టీరింగ్ విప్పి చూస్తే, స్ప్రింగు కాంటాక్ట్‌కీ బాస్ మీది రింగుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ. ఒరిజినల్ స్టీరింగ్ రింగు ఎంత లోపలికి వస్తుందో, మార్కెట్ బాస్ మీది రింగు అంత రాలేదు.

దీనికి సరైన మందు రింగుని సరిపడా ముందుకి తేవడం, లేదా సరైన ఎత్తున్న బాస్ తెప్పించుకోవడం. నేను ఏం చేశానంటే, ముక్కు ప్లయర్‌తో కాంటాక్ట్ రేకునే పైకి వంచాను. హారన్ మోగింది. చాలా సంతోషపడ్డాను. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పెట్టాను.

తప్పు రెండు: ఎడమకి తిరిగితే పీఁ

మర్నాడు మా వీధి మలుపు తిరుగుతుంటే హారన్ దానంతట అదే మోగింది. నేరుగా వస్తే ఆగింది. మళ్లీ ఎడమకి తిప్పితే మళ్లీ పీఁ. అరుగు మీద కూర్చున్న వాళ్లంతా ఎవరినో పిలుస్తున్నాననుకుని లేచారు.

కారణం నేను వంచిన రేకే. అది వంకరగా నిలబడి, ఒక కోణంలో రింగు అంచు దాటి బాస్ లోహానికి తగులుతోంది. బాస్ అంటే ఎర్త్. తగిలితే బటన్ నొక్కినట్టే. ఒక కోణం దగ్గరే హారన్ మోగుతోందంటే ఎప్పుడూ గుర్తుపెట్టుకోండి: తిరిగే భాగం ఏదో తిరగని భాగానికి అక్కడ తగులుతోంది. రింగు మధ్యలో లేకపోవచ్చు, కాంటాక్ట్ వంగి ఉండొచ్చు, బటన్ తీగ బాస్ వెనక నలిగి తొడుగు చీరుకుపోయి ఉండొచ్చు.

ఈసారి తెలివి తెచ్చుకున్నాను. వంచిన రేకుని మళ్లీ నిటారు చేశాను. రింగు వెనక పల్చటి నైలాన్ వాషర్లు పెట్టి రెండు మిల్లీమీటర్లు ముందుకి జరిపాను. బటన్ వెనక ఉన్న రెండు టెర్మినళ్లకీ ప్లాస్టిక్ తొడుగు తొడిగాను. ఎటు తిప్పినా సరిగ్గా పనిచేసింది. వారం రోజులు బాగానే నడిచింది. నేను హైదరాబాద్ వచ్చేశాను. తర్వాత పండగ, చెరువు కట్ట, సైకిల్.

తప్పు మూడు: పరీక్షలో పాస్, రోడ్డు మీద ఫెయిల్

తాళాలు టీవీ స్టాండ్ మీదకి వెళ్లిన ఆ సాయంత్రమే మల్టీమీటర్ తీశాను. అది నా బ్యాగ్‌లో ఎప్పుడూ ఉంటుంది. బటన్ పీకి, ఎర్త్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య కంటిన్యుటీ చూశాను. మీటర్ "బీప్" అంది. అంటే ఎర్త్ ఉంది. బటన్ నొక్కి చూశాను, బీప్. రింగు నుంచి బటన్‌కి, బీప్. అన్నీ పాస్. కానీ హారన్ మాత్రం నాలుగుసార్లు నొక్కితే ఒకసారి జలుబు చేసిన మేకలా అరిచి ఊరుకుంటోంది.

ఆఫీసులో నాకు ఇలాంటివి అలవాటే. టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి, లైవ్‌లోకి వెళ్లగానే కుప్పకూలుతుంది. అయినా ఆ రోజు ఆ పోలిక తట్టలేదు. ఫ్యూజు మార్చాను. హారన్ పాడైందేమోనని కొత్త హారన్ రేట్లు చూస్తూ కూర్చున్నాను.

పొద్దున్నే నాన్న టీ తాగుతూ, "మన వైరింగ్ షాపు బాబాయ్‌ని అడగరాదూ?" అన్నారు. అడగడానికి నామోషీ. ఇంజినీరింగ్ చదివించింది ఇందుకేనా అని ఎవరూ అనరు, కానీ మనకి మనమే అనుకుంటాం. వెళ్లాను.

బాబాయ్ నా మల్టీమీటర్ వైపు చూడనైనా చూడలేదు. ఆయన దగ్గర ఒక బల్బు ఉంది. ఇండికేటర్‌కి వాడే 21 వాట్ల బల్బు, దానికి రెండు తీగలు, చివర క్లిప్పులు. ఒక క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి పెట్టారు. రెండోది తీసుకెళ్లి స్టీరింగ్ నట్టుకి తాకించారు. బల్బు ధగధగా వెలిగింది. అదే క్లిప్పుని నా బటన్ ఎర్త్ టెర్మినల్‌కి తాకించారు. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. బటన్ తీగని చేత్తో కాస్త కదిపితే ఆరిపోయింది.

"నట్టు దాకా ఎర్త్ బాగుంది బాబూ. నట్టుకీ నీ బటన్‌కీ మధ్యలో ఏం పెట్టావు?" అన్నారు.

ఏం పెట్టాను? బాస్. దానికేమైంది? గుర్తొచ్చేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిపి వచ్చాయి. కిట్‌లో వచ్చిన బాస్ వెండి రంగులో ఉంది. లోపలి నలుపుకి మ్యాచ్ అవ్వదని, బిగించే ముందు నేనే శ్రద్ధగా రెండు కోట్లు నల్ల స్ప్రే పెయింట్ కొట్టాను. ఎర్త్ తీగ స్క్రూ బిగించే చోట కూడా.

పెయింట్ కరెంటుని పోనివ్వదు. స్క్రూ మరల దగ్గర పెయింట్ కాస్త గీరుకుపోయి, ఆ వెంట్రుకవాసి గీత గుండా వారం రోజులు హారన్ మోగింది. తర్వాత కుదుపులకి స్క్రూ వదులై ఆ గీత కూడా సరిగ్గా తగలడం మానేసింది.

మరి మల్టీమీటర్ బీప్ ఎందుకు అంది? అది పరీక్ష కోసం పంపే కరెంటు మిల్లీ ఆంపియర్ల లెక్కలో ఉంటుంది. వెంట్రుకంత దారి ఉన్నా దానికి చాలు. హారన్‌కి నాలుగైదు ఆంపియర్లు కావాలి. కాలిబాట మీద మనిషి నడిచి వెళ్లాడు కదా అని లారీ పడుతుందని రాసిచ్చినట్టు. బాబాయ్ బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అంటే నిజంగా బరువు మోయించి చూస్తుంది.

మీటర్‌తో కూడా ఇది పట్టుకోవచ్చు, కాకపోతే కంటిన్యుటీలో కాదు. వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ మైనస్‌కీ, రెండోది బటన్ ఎర్త్ టెర్మినల్‌కీ పెట్టి, హారన్ నొక్కి పట్టుకుని చూడాలి. ఎర్త్ బాగుంటే దాదాపు సున్నా రావాలి, అర వోల్టు లోపు. ఇంటికొచ్చి చూస్తే నాకు 2.9 వచ్చింది. హారన్ అస్సలు పలకనప్పుడు చూస్తే ఏకంగా బ్యాటరీ వోల్టేజే కనపడింది. ఎర్త్ అనుకునే చోట 12 వోల్టులు ఉన్నాయంటే ఇక చెప్పేదేముంది.

గరుకు కాగితంతో స్క్రూ కింద పెయింట్ మొత్తం గీకి, మెరిసే లోహం తేల్చి, ఎర్త్ తీగకి రింగు లగ్గు వేసి, పళ్ల వాషర్‌తో బిగించాను. మళ్లీ కొలిస్తే 0.2. హారన్ నొక్కితే పక్కింటి కుక్క లేచింది.

మీ బండికి ఇదే వస్తే

ఇప్పుడు మీ వంతు. పార్ట్‌లు కొనేముందు ఈ వరసలో చూడండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

1. అస్సలు పలకట్లేదా? మొదట ఫ్యూజు చూడండి. తర్వాత హారన్ దగ్గర స్టీరింగ్ వైపు వెళ్లే తీగ పీకి, ఆ కాలికి ఒక తీగతో బాడీ ఎర్త్ ఇవ్వండి. మోగితే హారన్, ఫ్యూజు రెండూ క్షేమం. మోగకపోతే తప్పు అక్కడే ఉంది, స్టీరింగ్ జోలికి వెళ్లకండి.

2. ఆ తీగ మళ్లీ పెట్టేసి, స్టీరింగ్ విప్పి, కాలమ్ మీది స్ప్రింగు కాంటాక్ట్‌కి ఎర్త్ తాకించండి. మోగితే తీగ మొత్తం బాగున్నట్టే. ఇక మిగిలింది రింగు, బటన్, బాస్.

3. స్టీరింగ్ బిగించి, బటన్ పీకి, దాని వెనక రెండు తీగల్నీ ఒకదానికొకటి తాకించండి. మోగితే బటన్ పాడైంది. మోగకపోతే రింగు తీగని విడిగా తీసుకుని, పొడవాటి తీగతో శుభ్రమైన బాడీ లోహానికి తాకించండి. అప్పుడు మోగితే మీదీ నా కేసే, ఎర్త్ లేదు. అప్పటికీ మోగకపోతే కాంటాక్ట్ రింగుని అందుకోవట్లేదు.

4. ఆగకుండా మోగుతోందా? ముందు ఫ్యూజు పీకి ఊళ్లో వాళ్లకి శాంతినివ్వండి. బటన్ నుంచి తీగ పీకి ఫ్యూజు మళ్లీ పెట్టండి. ఆగిపోతే బటన్ లోపల అతుక్కుపోయింది. చౌక బటన్లు ఎండలో నిలిపిన కారులో వేడికి వంగి ఇలాగే చేస్తాయి. ఆగకపోతే రింగు వైపు తీగ ఎక్కడో బాస్‌కి తగులుతోంది.

5. తిప్పినప్పుడే మోగితే, పైన చెప్పినట్టు, రాసుకునే చోటు వెతకండి. స్టీరింగ్‌ని మెల్లగా తిప్పుతూ మోగే కోణం దగ్గర ఆపి, టార్చ్ వేసి చూస్తే చాలాసార్లు కంటికే కనపడుతుంది.

6. నొక్కిన ప్రతిసారీ ఫ్యూజు పోతోందా? 800లాంటి వైరింగ్‌లో స్టీరింగ్ దగ్గర తీగ బాడీకి తగిలితే హారన్ మోగుతుందే గానీ ఫ్యూజు పోదు, ఎందుకంటే మధ్యలో హారన్ ఉంది. కాబట్టి తప్పు హారన్‌లోనో, దానికి ముందు ప్లస్ తీగలోనో ఉంటుంది.

ఒక హెచ్చరిక. అన్ని పాత బండ్లూ ఇలాగే ఉండవు. కొన్నింటిలో బటన్ దగ్గరికి ప్లస్సే వస్తుంది. అలాంటి వాటిలో తీగ బాస్‌కి తగిలితే నేరుగా షార్ట్. ఇంకొన్నింటిలో స్టీరింగ్ షాఫ్ట్ మధ్యలో రబ్బరు జాయింట్ ఉంటుంది, దాని మీదుగా ఒక చిన్న ఎర్త్ తీగ వేసి ఉంటుంది. అది తెగితే బాస్ ఎంత మెరిసినా ఎర్త్ రాదు. ముందు మీ బండి వైరింగ్ డయాగ్రమ్ చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి.

రిలే పెడితే మంచిదేనా?

మంచిదే. ముఖ్యంగా రెండు పెద్ద హారన్లు పెట్టుకునే వాళ్లకి తప్పదు. ఆ చిన్న స్ప్రింగు కాంటాక్టూ, సన్నటి బటనూ పది ఆంపియర్లు మోయడానికి తయారుచేసినవి కావు, నల్లగా కాలిపోతాయి. రిలే పెడితే బటన్ గుండా వెళ్లేది 0.2 ఆంపియర్ లోపే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వెళ్తుంది.

నాలుగు కాళ్ల మామూలు రిలే చాలు. పాత హారన్ దగ్గరికి వచ్చే రెండు తీగలూ 86, 85 కాళ్లకి. బ్యాటరీ ప్లస్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి 30కి. 87 నుంచి హారన్‌కి. హారన్ రెండో కాలు శుభ్రంగా బాడీ ఎర్త్‌కి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, లేకపోతే దారిలో తీగ గీరుకుంటే కాలేది తీగే.

కానీ ఎర్త్ బాగుచేయకుండా రిలే పెట్టకండి. రిలేకి తక్కువ కరెంటు చాలు కాబట్టి, చెడ్డ ఎర్త్ మీద కూడా కొన్నాళ్లు పనిచేసి జబ్బుని దాచేస్తుంది. ఏదో ఒక రోజు చెరువు కట్ట మీద బయటపడుతుంది.

స్టీరింగ్ మీద చెయ్యి వేసే ముందు

హారన్ కోసం స్టీరింగ్ విప్పాల్సి వస్తుంది కాబట్టి ఇవి చెప్పకుండా వదలలేను. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే ఈ కాలమ్ మీకు కాదు, దాని స్టీరింగ్ ముట్టుకోకండి. లేని బండి అయితే ముందు బ్యాటరీ మైనస్ తీయండి. చక్రాలు నేరుగా, ఇండికేటర్ ఆఫ్‌లో పెట్టండి. షాఫ్ట్ మీద, స్టీరింగ్ మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. నట్టుని వదులు చేయండి గానీ పూర్తిగా తీయకండి, నాలుగు మరలు ఉంచే లాగండి. లేకపోతే బిగుసుకున్న స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి మూతి పళ్లు రాలగొడుతుంది. రాకపోతే పుల్లర్ అద్దెకి తెచ్చుకోండి. షాఫ్ట్ మీద సుత్తితో కొట్టకండి.

బాస్ వెనక ఇండికేటర్‌ని వెనక్కి తెచ్చే పళ్లు ఉంటాయి. వాటిని సరిగ్గా కూర్చోపెట్టకపోతే మలుపు తిరిగాక ఇండికేటర్ ఆరదు. బాస్ షాఫ్ట్ పళ్ల మీద చేత్తో నెడితే సాఫీగా కూర్చోవాలి. బలవంతంగా దిగేదీ, లటలటలాడేదీ రెండూ పనికిరావు. నట్టుని బండి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించండి. హారన్ పోతే గొంతు పోయినట్టు, ఈ నట్టు వదులైతే బండే పోయినట్టు.

రూల్స్ సంగతి కూడా ఒక మాట. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అంది. అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మన 15 ఏళ్లు దాటిన బండ్లకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అప్పుడు హారన్ మోగాల్సిందే, అదీ ఒకే స్వరంతో. పాటలు పాడే హారన్లు నిషిద్ధం. అందుకే పాత స్టీరింగ్ పాత ఇనుముకి వేయకండి. మాది అటక మీద గోనెసంచిలో భద్రంగా ఉంది.

మళ్లీ చెరువు కట్ట

హారన్ బాగైన సాయంత్రం నాన్నని పిలిచాను. ఆయన వచ్చి కూర్చుని, స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి నొక్కారు. కుడికి తిప్పి నొక్కారు. నేరుగా పెట్టి నొక్కారు. తలుపు వేసి, తీసి, మళ్లీ నొక్కారు. మా టీమ్‌లో ఇంత ఓపికగా టెస్ట్ చేసేవాళ్లు లేరు.

"పద, ఒక రౌండ్ వేసొద్దాం" అన్నారు.

కట్ట మీద మలుపు రాగానే నొక్కారు. మోగింది. అవతల ఎవరూ లేరు. ఇంకోసారి నొక్కారు. తర్వాత బండి పక్కకి ఆపి, కొత్త స్టీరింగ్‌ని ఒకసారి చుట్టూ తడిమి చూసి, "పట్టు బాగానే ఉందిరా. కాకపోతే చిన్నది, తిప్పడం బరువు" అన్నారు. నిజమే. పవర్ స్టీరింగ్ లేని బండికి చిన్న స్టీరింగ్ వేస్తే చేతులకి పని పెరుగుతుంది. అరవై దాటిన ఆయన భుజాల గురించి నేను రీల్స్ చూస్తున్నప్పుడు ఆలోచించలేదు.

మళ్లీ ఊరెళ్లినప్పుడు అటక ఎక్కి పాతది దింపుతాను. పగిలిన చోట నింపి, పైన తోలు కుట్టిస్తే జిగురు అంటదు, హారన్ కూడా దాని పాత రింగు మీదే మోగుతుంది. కొత్తది నా గది గోడకి తగిలిస్తా. నల్ల పెయింట్ గీకిన ఆ బాస్‌తో సహా.

మీ బండి హారన్ ఎలాంటి వేషాలు వేసింది? రాసి పంపండి. ఈలోపు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో పాత బండి ఉంటే ఇవాళే కిందకి వెళ్లి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ హారన్ నొక్కి చూడండి.